గుంటా? గుట్టా?

ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరిచి జనగామ దగ్గరి తరిగొప్పుల చుట్టుపక్కల భూమిని దగ్గరికి జరిపి చూడండి. చెలకలు, మడులు, మధ్యమధ్య రాతిగుట్టలు, వాటి పక్కన నలుచదరంగా తవ్విన వ్యవసాయ బావులు. కాసేపు చూశాక ఏదో తేడా కొడుతుంది. గుట్ట భూమిలోకి కుంగినట్టు, బావి నేల మీద పెట్టిన దిమ్మలా పైకి లేచినట్టు అనిపిస్తుంది. ఇప్పుడు రెండు వేళ్ళతో పటాన్ని గిర్రున తిప్పి, దక్షిణం పైకి వచ్చేలా పెట్టండి. గుట్ట మళ్ళీ గుట్ట అవుతుంది, బావి మళ్ళీ బావి అవుతుంది. పటంలో ఒక్క చుక్క కూడా మారలేదు.

తప్పు ఉపగ్రహానిది కాదు, ఫోన్‌దీ కాదు. తరిగొప్పుల భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 18 డిగ్రీల దగ్గర ఉంది. వేసవిలో రెండున్నర నెలలు మినహాయిస్తే, మిగతా ఏడాదంతా సూర్యుడు మనకు దక్షిణం వైపు వాలి ఉంటాడు. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాల్లో చాలావరకు మన మీదుగా పొద్దున పది, పదిన్నర ప్రాంతంలో పోతాయి. అప్పుడు వెలుగు ఆగ్నేయం నుంచి పడుతుంది, నీడలు వాయవ్యానికి సాగుతాయి. పటంలోనేమో ఉత్తరాన్ని ఎప్పుడూ పైన పెడతాం. అంటే చూసేవాడికి వెలుగు బొమ్మ కింది అంచు నుంచి వస్తోంది. మన మెదడు దీన్ని ఒప్పుకోదు. వెలుగు పైనుంచే వస్తుందని దానికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం నిలబడాలంటే గుట్టను గుంట చేయక తప్పదు, చేసేస్తుంది. ఉపగ్రహ చిత్రాలు చదవడం వృత్తిగా పెట్టుకున్నవాళ్ళకు ఈ చిక్కు పాతదే. పటాన్ని తిప్పి చూడడం దానికి పాత మందు.

ఇదే ఆటను ఇంకా దగ్గరగా, చేతిలో పట్టుకుని చూడాలంటే జనగామ దాటి హైదరాబాద్ రోడ్డు మీద పెంబర్తి దాకా వెళ్ళాలి. కాకతీయుల కాలం నుంచీ గుడి తలుపులకు, రథాలకు ఇత్తడి తొడుగులు చేసిన పనితనం ఆ ఊరిది. రేకు మీద బొమ్మ గీసుకుంటారు. ఒత్తితే లొంగే మెత్తని దిమ్మ మీద దాన్ని బోర్లా పెట్టి, వెనక నుంచి చిన్న ఉలితో, సుత్తితో కొట్టుకుంటూ పోతారు. దెబ్బ పడిన చోటల్లా అటువైపు ఉబ్బుతుంది. తర్వాత తిప్పి, ముందు వైపు నుంచి అంచులు, గీతలు తేలుస్తారు. కాబట్టి ఏ రేకుకైనా రెండు ముఖాలు ఉంటాయి. ముందు ఉబ్బిన నెమలి వెనక గుంట నెమలి.

అలాంటి రేకు వెనక వైపును, వెలుగు పై అంచు వైపు నుంచే పడేలా పెట్టి ఫొటో తీయండి. ఆ ఫొటోను నిటారుగా ఒకసారి, తలకిందులుగా ఒకసారి చూడండి. ఒక తీరుగా పట్టుకుంటే నెమలి గుంటలో ఉంటుంది, ఇంకో తీరుగా పట్టుకుంటే పైకి ఉబ్బి వస్తుంది. రేకును నేరుగా కళ్ళతో చూస్తే ఈ తిరకాసు అంత సులువుగా జరగదు. రెండు కళ్ళకూ రెండు కోణాల్లో కనిపించే తేడా, తల కదిలినప్పుడు మారే మెరుపు, ఇవన్నీ మెదడుకు సాక్ష్యాలు. ఫొటోలో ఆ సాక్ష్యాలు పోయి వెలుగూ నీడా మాత్రమే మిగులుతాయి.

ఈ సంగతి మనుషులకు తెలిసి రెండు వందల ఏళ్ళు దాటింది. చెక్కిన ముద్రలను, నాణేలను కటకాల గొట్టంలోంచి చూస్తే లోతు ఎత్తుగా మారిపోతోందని పాత పరిశీలకులు ఆశ్చర్యపోయేవారు. గొట్టం బొమ్మను తలకిందులు చేస్తుంది, చూసేవాడు మాత్రం వెలుగు కిటికీ వైపు నుంచే వస్తోందనుకుంటాడు, తిరకాసు అక్కడుందని అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు డేవిడ్ రిటెన్‌హౌస్ 1786లో వివరించాడు. ఆ తర్వాత చాలా కాలానికి, తమిళనాడులో పుట్టి కాలిఫోర్నియాలో పనిచేస్తున్న వి.ఎస్. రామచంద్రన్ 1988లో ‘నేచర్’ పత్రికలో ఈ విషయాన్ని బహు తేలికైన బొమ్మలతో తేల్చి చూపాడు. బూడిదరంగు మీద కొన్ని గుండ్రాలు, అంతే. పైభాగం తెల్లగా, కింది భాగం నల్లగా ఉన్నవి గుడ్లలా ఉబ్బి కనిపిస్తాయి. కింద తెల్లగా ఉన్నవి గుంటల్లా కనిపిస్తాయి. తెలుపు ఎడమ పక్కనో కుడి పక్కనో ఉంటే మెదడు తేల్చుకోలేక అటూ ఇటూ ఊగుతుంది. ఊగినా పద్ధతిగానే ఊగుతుంది. ఎడమ తెలుపు వరుస ఉబ్బితే కుడి తెలుపు వరుస అప్పటికప్పుడు గుంటలవుతుంది. రెండు వరుసలనూ ఒకేసారి ఉబ్బినట్టు చూడడం ఎవరివల్లా కాదు. లోకానికి సూర్యుడు ఒక్కడే అన్నది మెదడు పెట్టుకున్న రెండో నమ్మకం.

ఇందులో నాకు బాగా నచ్చిన పరీక్షకు ఖర్చేమీ లేదు. ఆ గుండ్రాల బొమ్మను గోడకు అంటించి, దానికి వీపు పెట్టి నిలబడి, ముందుకు వంగి కాళ్ళ మధ్య నుంచి చూడాలి. నడుము సహకరిస్తేనే సుమా. గుడ్లు గుంటలవుతాయి, గుంటలు గుడ్లవుతాయి. బొమ్మ కదల్లేదు, గదిలో దీపం కదల్లేదు, తల మాత్రమే తిరిగింది. అంటే మెదడు లెక్కలో ‘పైన’ అంటే ఆకాశం కాదు, నడినెత్తి.

ఈ నమ్మకం పుట్టుకతో వచ్చిందా, బతుకు నేర్పిందా? వేన్ హెర్ష్‌బర్గర్ అనే పరిశోధకుడు కోడిపిల్లలను కింది నుంచి మాత్రమే వెలుగు వచ్చే పంజరాల్లో పెంచి 1970లో ఫలితం ప్రకటించాడు. పైనుంచి వెలుగంటే ఏమిటో ఎరగని ఆ పిల్లలు కూడా, వెలుగు పైనుంచి పడుతున్నట్టే ఎత్తుపల్లాలు గుర్తుపట్టాయి. కోళ్ళ మటుకు ఇది గుడ్డులోంచే వచ్చిన జ్ఞానం. మనుషుల సంగతి అంత తేలిగ్గా తెగలేదు. 2004లో వెండీ ఆడమ్స్, ఆమె సహచరులు కొందరికి వెలుగు కాస్త పక్క నుంచి పడుతున్నట్టు చేతి స్పర్శ ద్వారా శిక్షణ ఇచ్చారు. కన్ను గుంట అన్నచోట చేతికి ఉబ్బు తగిలేలా ఏర్పాటు చేశారన్నమాట. కొద్దిసేపట్లోనే వాళ్ళ మెదళ్ళలో ‘పైన’ అనే దిక్కు కొన్ని డిగ్రీలు పక్కకు జరిగింది. పుట్టుకతో వచ్చినదైనా సరే, సాక్ష్యం గట్టిగా ఉంటే సవరించుకుంటుంది.

శాసనాలు చదివేవాళ్ళు ఈ బాధను వేరే దారిలో తప్పించుకున్నారు. రాతి మీద లోపలికి చెక్కిన అక్షరాన్ని ఫొటో తీస్తే వెలుగు దిక్కును బట్టి అది ఒక్కోసారి పైకి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. పగులు గీతేదో, అక్షరం గీతేదో తెలియదు. అందుకే తడి కాగితాన్ని రాతికి అద్ది, కుంచెతో కొట్టి అక్షరాల లోతుల్లోకి దిగేలా చేసి, పైన సిరా అద్దుతారు. ఎత్తుగా ఉన్న రాయంతా నల్లబడుతుంది, అక్షరం తెల్లగా మిగులుతుంది. వెలుగూ నీడా లేవు కాబట్టి మెదడు అక్కడ ఊహించేందుకు ఏమీ ఉండదు.

చేర్యాల నకాషీ పటం కూడా ఈ గొడవలోకి రాదు. ఎర్రటి నేపథ్యం మీద బల్లపరుపు రంగులు, నల్లటి అంచు గీతలు, బొమ్మకు నీడ ఉండదు. తలకిందులు చేసినా ఎవరి ముక్కూ లోపలికి పోదు. అక్కడ కథ చెప్పేవాడి గొంతు ఉంది, లోతు చూపించే పని చిత్రకారుడు పెట్టుకోలేదు.

ఇక ముఖం దగ్గరికి వస్తే, వెలుగు గురించిన నమ్మకాన్ని కూడా తోసిరాజనే నమ్మకం ఇంకొకటి బయటపడుతుంది. ఇత్తడి రేకుతో గానీ వెండి రేకుతో గానీ చేసిన దేవత ముఖం వెనక వైపు తిప్పి, నాలుగు అడుగుల దూరంలో పెట్టి, ఒక కన్ను మూసి చూడండి. రేకు ముఖం దొరకకపోతే కొమురవెల్లి జాతరలో అమ్మే పలుచని ప్లాస్టిక్ ముఖమైనా చాలు. లోపలి గుంట ముఖం కాసేపట్లో ఉబ్బిన ముఖమైపోతుంది. మీరు పక్కకు జరిగితే అదీ మీతోపాటు తిరుగుతున్నట్టుంటుంది. గుంట అని తెలిసే చూస్తున్నా సరే. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ గ్రెగరీ దీన్ని జీవితమంతా చూపిస్తూ తిరిగాడు. పుట్టినప్పటి నుంచి చూసిన ప్రతి ముఖానికీ ముక్కు ముందుకే ఉంది, అందుకే ముక్కు లోపలికి పోయిన ముఖాన్ని ఒప్పుకోవడం మెదడుకు చేతకాదు అన్నది ఆయన వాదన. చూడడమంటే కంటికి అందిన అరకొర ఆధారాల మీద మెదడు కట్టే ఊహ. ఇదే మాటను జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ పందొమ్మిదో శతాబ్దంలోనే అన్నాడు.

ఈ గుంట ముఖం మీద జరిగిన రెండు పరిశోధనలు చెప్పకుండా ముందుకు పోలేను. ఒకటి 2006 నాటిది. గుంట ముఖం మీద చిన్న గుర్తు అంటించి, చటుక్కున వేలితో చిమ్మమన్నారు. కళ్ళకు ఆ ముఖం ఉబ్బినట్టే కనిపిస్తోంది, కానీ వేలు నిజంగా ఆ గుర్తు ఉన్న లోతుకే వెళ్ళింది. చూసి గుర్తుపట్టే దారి ఒకటి, చూసి చెయ్యి కదిపే దారి ఒకటి, రెండూ మెదడులో కొంత వేరువేరుగా నడుస్తాయన్న వాదనకు ఇది బలమిచ్చింది. రెండోది 2009లో దనాయి డిమా బృందం చేసింది. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళు గుంట ముఖాన్ని మనకన్నా చాలా ఎక్కువ సార్లు గుంటగానే చూశారు. నిజం చూడగలగడం అక్కడ జబ్బు లక్షణం. పాత అనుభవం నుంచి కిందికి రావలసిన మాట వాళ్ళలో కంటి నుంచి పైకి వచ్చే కబురును అంతగా అదుపు చేయడం లేదని పరిశోధకులు అర్థం చెప్పుకున్నారు.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో చాలామటుకు మెదడు ఒక జవాబు పట్టుకుని వదలదు. రెండు జవాబులూ సమానంగా సరిపోయే బొమ్మ ఇస్తే ఏం చేస్తుంది? దానికి ఉదాహరణ మన దగ్గరే, పాలంపేటలో, రామప్ప గుడిలో ఉంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చూడబోతే నల్లరాతి మదనికల మీదే అందరి కళ్ళూ పడతాయి, పడాలి కూడా. కానీ గైడ్లు పనిగట్టుకుని చూపే చిన్న చెక్కడం ఒకటుంది. ముగ్గురు నర్తకులు ఒకరి పక్కన ఒకరు. కాళ్ళు లెక్కపెడితే నాలుగే.

గైడ్ అరచేతిని మధ్య మనిషి నడుము పైభాగానికి అడ్డం పెడతాడు. అటొకరు, ఇటొకరు మిగులుతారు, ఇద్దరికీ రెండేసి కాళ్ళు నిండుగా ఉన్నాయి. తర్వాత చెయ్యి తీసి అటూ ఇటూ ఉన్నవాళ్ళకు అడ్డం పెడతాడు. ఇందాక వాళ్ళవే అనుకున్న లోపలి కాళ్ళు రెండూ నడుమ ఉన్న మనిషివై, ఆ మనిషి ఎవరి సాయమూ లేకుండా ఆడుతుంటుంది. చేతులన్నీ తీసేశాక ముగ్గురూ ఉంటారు, ముగ్గురూ ఆడుతూనే ఉంటారు. చూపు ఎవరి మీద నిలిపితే కాళ్ళు వాళ్ళకు అతుక్కుంటాయి. ముగ్గురికీ ఒకేసారి రెండేసి కాళ్ళు ఇచ్చి చూద్దామంటే మాత్రం సాగదు.

పాశ్చాత్యుల పుస్తకాల్లో ఇలాంటి బొమ్మలకు పెద్ద వంశవృక్షమే ఉంది. స్ఫటికాల బొమ్మలు గీస్తూ గీస్తూ, గీసిన స్ఫటికం ఒకసారి పైనుంచి, ఒకసారి కింది నుంచి కనిపిస్తోందని స్విస్ శాస్త్రజ్ఞుడు నెకర్ 1832లో రాశాడు. బాతూ కుందేలూ ఒక్కటే అయిన బొమ్మ 1892లో ఓ జర్మన్ హాస్యపత్రికలో వచ్చింది. కూజా అనుకుంటే కూజా, ఎదురెదురు ముఖాలనుకుంటే ముఖాలు అయ్యే బొమ్మతో డెన్మార్క్‌కు చెందిన ఎడ్గర్ రూబిన్ 1915లో అసలు ప్రశ్న వేశాడు. కూజాకూ ముఖానికీ మధ్య ఉన్న గీత ఎవరిది? కూజాది అనుకున్నంతసేపూ ముఖాలకు అంచు ఉండదు, అవి వెనక ఉన్న ఖాళీ. ముఖాలవి అనుకోగానే కూజా ఖాళీ అయిపోతుంది. ఒక అంచుకు ఒకేసారి ఇద్దరు యజమానులు ఉండరు.

ఆ యజమాన్యం తేల్చే కణాలు మెదడులో నిజంగానే ఉన్నాయి. 2000లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రూడిగర్ ఫాన్ డెర్ హైట్ బృందం కోతుల మెదడులో కొన్ని నాడీకణాల చప్పుడు విన్నది. దృష్టి సమాచారం మొదటి మజిలీ దాటి రెండో మజిలీకి చేరే చోట, సగానికి పైగా కణాలు కేవలం గీత కనిపించిందని కాక, ఆ గీత ఏ పక్క వస్తువుదో దాన్ని బట్టి ఎక్కువగానో తక్కువగానో స్పందించాయి. కాలు ఎవరిదన్న పంచాయితీ అంచు ఎవరిదన్న పంచాయితీకి పై మెట్టు, అక్కడ శరీరం ఎలా ఉంటుందన్న జ్ఞానం కూడా కూర్చుంటుంది. అయినా తీర్పు చెప్పే తీరు ఒక్కటే. ఒక ముక్క ఒక్కరికే.

బొమ్మ మారకుండా మనసులో దృశ్యం మారినప్పుడు మెదడులో ఏది మారుతుంది? నికోస్ లోగోథెటిస్ కోతుల రెండు కళ్ళకు రెండు వేర్వేరు బొమ్మలు చూపి, ఏది కనిపిస్తోందో మీట నొక్కి చెప్పేలా నేర్పాడు. అలా చూపితే రెండూ కలవవు, వంతులవారీగా కనిపిస్తాయి. వెనక తలలో ఉన్న తొలి దృష్టి కేంద్రంలో కొద్ది కణాలే ఆ వంతులను అనుసరించాయి. వస్తువులను గుర్తుపట్టే చివరి మజిలీలో, 1997 నాటి లెక్క ప్రకారం, దాదాపు 90 శాతం కణాలు వంతులతో పాటే మారాయి. కంటికి దగ్గరగా ఉన్న కణాలు నాలుగు కాళ్ళనూ నాలుగు కాళ్ళుగానే రాసుకుంటున్నాయి, పంపకం పైన జరుగుతోందని అనుకోవచ్చు.

ఇలాంటివి చూసినప్పుడు మన పూర్వులకు నాడీశాస్త్రం తెలుసని చెప్పే ఉత్సాహవంతులు కొందరుంటారు. నాకది శిల్పిని తక్కువ చేయడంగా కనిపిస్తుంది. చూసేవాడి చూపు రాతి మీద ఎటు జారుతుందో, ఎక్కడ ఆగుతుందో రోజంతా ఉలి పట్టుకున్న మనిషికి తెలిసినంతగా నిన్నమొన్నటి దాకా ఏ శాస్త్రజ్ఞుడికీ తెలియదు. దానికి శాస్త్రం పేరు పెట్టనక్కర్లేదు. రామప్ప గుడి లేచిన నలభై ఏళ్ళకే ఇదే కాకతీయ కొలువులో జాయప సేనాని నాట్యం మీద ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఈ రాళ్ళను, ఆ గ్రంథాన్ని ముందు పెట్టుకునే నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్ళీ నిలబెట్టారు. ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమలోకి శరీరం ఎలా మారుతుందన్నది ఆ కాలపు మనుషులకు నిత్యం చర్చలో ఉన్న విషయం. కదలలేని రాతిలో కదలికను చూపే ఉపాయం వెతికిన శిల్పి, కదిలే బాధ్యతను చూసేవాడి మెదడుకు అప్పగించాడు.

రామప్ప నంది విషయంలో ఇంకో మాట ప్రచారంలో ఉంది. ఎటు నిలబడి చూసినా అది మనవైపే చూస్తున్నట్టుంటుందని. గోడ మీది ఫొటోలో కళ్ళు మన వెంట తిరగడం వేరే సంగతి. బల్లపరుపు బొమ్మలో ముఖం కోణం మారదు కాబట్టి ఎదురుగా చూస్తున్న కళ్ళు ఏ మూల నుంచైనా ఎదురుగానే ఉంటాయి. నంది బల్లపరుపు కాదు, నిండు విగ్రహం. పక్కకు జరిగితే దాని ముఖం పక్క నుంచే కనిపిస్తుంది. మరి చూపు? మనిషి ఎటు చూస్తున్నాడో చెప్పేది తెల్లగుడ్డులో నల్లగుడ్డు ఉన్న చోటు. రాతి కంటికి ఆ రెండు రంగుల తేడా లేదు. ఉబ్బిన గుడ్డు ఉంది, దాని మీద ఏది చూపు అన్నది తేలదు. ఇసబెల్ మరెషాల్, ఆమె సహచరులు 2013లో ఇలాంటి అస్పష్టతనే కావాలని సృష్టించి చూశారు. బొమ్మల్లో కళ్ళ దిక్కు ఎంత మసకబారితే, చూసినవాళ్ళు ‘నన్నే చూస్తోంది’ అని అంతగా చెప్పారు. అనుమానం వస్తే, నా మీదే కన్ను ఉందనుకోవడం మెదడు అలవాటు. పులి విషయంలోనైనా, అత్తగారి విషయంలోనైనా అది క్షేమమైన పక్షం. నంది కళ్ళకు ఈ వివరణ సరిపోతుందని నా అభిప్రాయం.

పుట్టుకా, అలవాటా అన్న ప్రశ్న కోళ్ళ దగ్గర సగంలో ఆగింది. దానికి మనుషుల్లో జవాబు వెతకాలంటే, పుట్టుకతో చూపు లేక పెద్దయ్యాక చూపు వచ్చినవాళ్ళను అడగాలి. పుట్టుశుక్లాలతో ఏళ్ళు గడిపి ఆపరేషన్ అయిన పిల్లలు మన దేశంలో ఉన్నారు. పవన్ సిన్హా నడిపే ప్రాజెక్ట్ ప్రకాశ్ 2015లో అలాంటి తొమ్మిది మంది పిల్లలకు, కట్టు విప్పీ విప్పగానే, బాణపు మొనల మధ్య గీతలు, రైలు పట్టాల మీది గీతలు చూపించింది. సమానమైన గీతలు మనకు పొడవూ పొట్టీగా కనిపించే పాత బొమ్మలవి. ఆ పిల్లలూ మనలాగే మోసపోయారు. లోకం చూసిన అనుభవం అక్కర్లేకుండానే పనిచేసే భ్రమలు కొన్ని ఉన్నాయన్నమాట. అదే ఏడాది ఇజ్రాయెల్‌కు చెందిన ఆయెలెట్ మెక్‌కైటన్ బృందం ఇలాగే ఆలస్యంగా చూపు వచ్చిన పిల్లలను పరీక్షిస్తే, రంగు, పరిమాణం చక్కగా చెప్పగలిగినవాళ్ళు నీడను బట్టి ఆకారాన్ని పోల్చుకోవడంలో తడబడ్డారు.

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో రమేశ్ కేకున్నాయ, జర్మనీకి చెందిన బ్రిగిట్టే రోడర్ కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనం ముఖాల గురించి. మామూలుగా ముఖం చూడగానే దాదాపు సెకనులో ఆరో వంతుకే మెదడు నుంచి ఒక ప్రత్యేకమైన విద్యుత్ స్పందన వస్తుంది, ఇల్లో చెట్టో చూస్తే అంత బలంగా రాదు. పుట్టుశుక్లాలు తీయించుకున్నవాళ్ళలో, చూపు వచ్చి ఏళ్ళు గడిచినా, ముఖానికీ ఇతర వస్తువులకూ స్పందన ఒకేలా ఉంది. అదే శుక్లాలు పుట్టాక కొంతకాలానికి వచ్చి, తర్వాత తీయించుకున్నవాళ్ళలో తేడా మామూలుగానే ఉంది. ముఖాన్ని ముఖంగా పట్టుకునే ఏర్పాటుకు పుట్టిన కొత్తలోనే చూపు కావాలి. ఆ గడువు దాటాక వచ్చిన చూపు దాన్ని పూర్తిగా కట్టలేదు. అందుకే పిల్లల కంటి వైద్యులు పుట్టుశుక్లాన్ని వారాల వయసులోనే తీసేయాలని తొందరపెడతారు. ఫోన్ ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో పసిబిడ్డ కంటిపాప ఎర్రగా కాక తెల్లగా మెరిస్తే, పెద్దయ్యాక చూద్దాంలే అనుకోకుండా ఆ వారమే కంటి డాక్టరుకు చూపించమని వాళ్ళు చెప్పేదీ అందుకే.